కయాక్ ఊగుతోందా? నీళ్లా, ఇసుకా, ఇనుమా, లేక సీటు దించడమా

రెండేళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున, ఊరి శివారు చెరువులో నన్ను ముంచింది ఒక 20 లీటర్ల నీళ్ల క్యాన్. మాది రెండు సీట్ల గాలి కయాక్, అంటే గాలి నింపి తెడ్డుతో నడిపే చిన్న పడవ. ఆ రోజు ఒక్కడినే వెళ్లాను. వెనక సీట్లో కూర్చుంటే పడవ ముక్కు పైకి లేస్తోంది, చిన్న గాలికే పక్కకి తిరిగిపోతోంది. ముందు బరువు పెడితే సరిపోతుందని క్యాన్‌లో సగం వరకు నీళ్లు నింపి ముందు సీట్లో అడ్డంగా పడుకోబెట్టాను. మొదటి మలుపు దాకా బాగానే ఉంది. మలుపులో లోపలి నీళ్లు ఒక పక్కకి పోయాయి, వాటి వెనకే క్యాన్ దొర్లింది, దాన్ని సరిచేద్దామని నేను వంగాను. అంతే.

ఛాతీ లోతు నీళ్లు, లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి కళ్లజోడుతో పోయింది. పుట్టిలో వలలు తీస్తున్న పెద్దాయన నా తెడ్డు అందించి, పక్కన తేలుతున్న క్యాన్‌ని చూసి, "నీళ్లల్ల తిరగనీకి నీళ్లు మోసుకొచ్చినవా సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత చాలా ప్రయోగాలు చేశాను. ఈ మధ్య హైదరాబాద్ నగరంలో కయాక్ కొనేవాళ్లు పెరిగారు. దుర్గం చెరువులోనో, వికారాబాద్ దగ్గర కోట్‌పల్లి ప్రాజెక్టులోనో అద్దెకి ఒకసారి తిప్పి, నచ్చి, సొంతది తెచ్చుకుంటారు. మొదటి నెలలోనే వచ్చే ప్రశ్న: "ఊగుతోంది, అడుగున కాస్త బరువు పెట్టొచ్చా?" పెట్టొచ్చు. కానీ ఏది, ఎంత, ఎక్కడ అన్న దాన్ని బట్టి అది మందో విషమో అవుతుంది. చాలామందికి అసలు అవసరమే ఉండదు.

తంజావూరు బొమ్మ లెక్క ఇక్కడ కుదరదు

బ్యాలస్ట్ (పడవ కుదురుగా ఉండటానికి అడుగున పెట్టే బరువు) అనగానే అందరూ చెప్పే పోలిక తంజావూరు బొమ్మ. అడుగున బరువు ఉంటుంది కాబట్టి ఎలా తోసినా లేచి నిలబడుతుంది. నిజమే. కానీ కయాక్‌లో అన్నిటికంటే పెద్ద బరువు మీరే. 20 కిలోల పడవ మీద 70 కిలోల మనిషి, అదీ నీటి గీతకి, అంటే పడవకి బయట నీళ్లు ఆనే మట్టానికి, పైన. తలలో బరువున్న తంజావూరు బొమ్మ ఇది. దాని అడుగున 10 కిలోలు పెట్టినంత మాత్రాన లేచి నిలబడదు.

ఒక చిన్న లెక్క చూద్దాం, మిగతా పోలికంతా దీని మీదే నడుస్తుంది. పడవలో కొత్త బరువు పెడితే పడవ కొంచెం దిగుతుంది. ఆ బరువు నీటి గీతకి ఎంత కింద ఉంటే అంత లాభం, గీత మట్టానికే ఉంటే దాదాపు సున్నా, గీతకి పైన ఉంటే నష్టం. పడవ దిగే కొద్దీ వెడల్పు పెరిగే ఆకారమైతే కొంచెం అదనపు లాభం ఉంటుంది, దాన్ని పక్కన పెడదాం. మామూలు ప్లాస్టిక్ కయాక్ మనిషి ఎక్కాక 11 సెంటీమీటర్లు మునిగిందనుకోండి. అడుగున పరిచిన 10 కిలోల బరువు మధ్యభాగం 4 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. తేడా 7. పది కిలోలు ఇంటూ ఏడు, అంటే 70 మార్కులు.

ఇప్పుడు బరువేమీ పెట్టకుండా సీటు కింద ఉన్న ఫోమ్ మార్చి మీరు 2 సెంటీమీటర్లు కిందికి దిగారు. 70 కిలోలు ఇంటూ రెండు, 140 మార్కులు.

రెండు సెంటీమీటర్ల ఫోమ్‌తో వచ్చిన లాభం బరువుతో రావాలంటే 20 కిలోలు మోయాలి. ఈ లెక్క చూసిన రోజున నేను నీళ్ల సంచులు పక్కన పడేసి ముందుగా సీటు విప్పాను.

అలాగని బ్యాలస్ట్ దండగ అనడం లేదు. బరువు పెరిగిన పడవ ఊగడం నెమ్మదిస్తుంది. లెక్కలో మార్కులు తక్కువే వచ్చినా ఒంటికి తేడా తెలుస్తుంది. పొడవాటి సముద్రపు కయాక్‌లు సామాను వేసుకుని రోజుల తరబడి తిరగడానికి చేసినవి. 50 కిలోల మనిషి ఖాళీగా ఎక్కితే అవి నీటి మీద ఎండుటాకులా ఉంటాయి, గాలికి దొరికిపోతాయి. అలాంటి చోట 10 కిలోలు పెట్టగానే పడవ కుదురుకుంటుంది.

కొనే ముందు, కట్టే ముందు అడగాల్సినవి

ఎంత కింద ఉంటుంది అన్నది మొదటిది, అది చెప్పేశాను. రెండోది, కదులుతుందా? కదిలే బరువు ఎప్పుడూ పల్లం వైపే పోతుంది, అంటే పడవ ఎటు ఒరిగితే అటే. మీరు పడిపోతున్నప్పుడు మిమ్మల్ని ఇంకా తోసేది అదే. మిర్చి బస్తాల బండిలో తాడు సరిగా బిగించకపోతే మలుపులో ఏమవుతుందో ఊళ్లో పెరిగిన వాళ్లకి చెప్పక్కర్లేదు.

మూడోది చాలామంది ఆలోచించనిది: పడవ నిండా నీళ్లు వస్తే ఈ బరువు ఏం చేస్తుంది? నీళ్ల సంచి నీళ్లలో బరువే కాదు, ఉన్నా లేనట్టే. ఇసుక నీళ్లలో మునిగాక కూడా 10 కిలోలకి 6 కిలోలు కిందికి లాగుతుంది. ఇనుము దాదాపు 8.7 కిలోలు, సీసం 9 పైన. లోపల కూర్చునే ప్లాస్టిక్ కయాక్‌కి ముందూ వెనకా గాలి అరలు లేకపోతే, అది నిండినప్పుడు ఆ ప్లాస్టిక్ తనంతట తాను అతికష్టం మీద తేలుతుంది. దానికి 10 కిలోల ఇనుము కట్టి ఉంటే పడవని చెరువుకే వదిలేసి రావాలి. చిన్నప్పుడు బావిలో ఈత నేర్చుకునేటప్పుడు నడుముకి ఎండు సొరకాయ బుర్ర కట్టేవాళ్లు గుర్తుందా? బరువు పెట్టేవాళ్లు ముందు పడవకి ఆ బుర్రలు ఉన్నాయో లేదో చూసుకోవాలి. గాలి అరలు లేకపోతే ముక్కులోనూ తోకలోనూ గాలి సంచులు దూర్చాకే బరువు మాట.

ఇక పడవ మీద రాసి ఉండే గరిష్ఠ బరువు. అది ఆటో వెనక రాసే "ముగ్గురు మాత్రమే" లాంటిది కాదు, నిజంగా పట్టించుకోవాలి. హాయిగా నడవాలంటే అందులో 70 శాతం దాటకపోవడం మంచిది. 125 కిలోలని రాసి ఉంటే మీకు దొరికేది సుమారు 87. మీరు 75, జాకెట్టూ టిఫినూ నీళ్లూ కలిపి 8. మిగిలింది నాలుగు కిలోలు. దానికోసం సంచి కట్టే శ్రమ కూడా దండగ.

చివరగా మోత. ఎనిమిదో అంతస్తులో ఉంటూ, లిఫ్టులో కయాక్ నిలువుగా పట్టక పక్కింటివాళ్ల చూపులు తట్టుకుంటున్న మనిషికి మరో 15 కిలోలు అంటే చిన్న విషయం కాదు.

సీటు దించడం

ఖర్చు దాదాపు ఉండదు, మోత లేదు, జారేదీ లేదు. చాలా ప్లాస్టిక్ కయాక్‌లలో సీటు కింద ఫోమ్ దిమ్మ ఉంటుంది. 4 సెంటీమీటర్లది తీసి 2 సెంటీమీటర్లది అతికిస్తే పని అయిపోతుంది. గాలి కయాక్‌లో అయితే సీటులో గాలి సగం తగ్గించి చూడండి, అప్పటికప్పుడు తేడా తెలుస్తుంది.

నష్టం ఒకటుంది. కిందికి దిగితే పడవ అంచులు మీకు ఎత్తవుతాయి. పొట్టివాళ్లకి మోచేతులు అంచుకి రాసుకుంటాయి, తెడ్డు వెయ్యాలంటే భుజాలు లేపాలి. గంట తర్వాత మెడ పట్టేస్తుంది. నడుము నొప్పి ఉన్నవాళ్లకి మోకాళ్లు పైకి లేచిన భంగిమ అస్సలు పడదు. మా ఆవిడ ఒకసారి కూర్చుని, "ఇది కయాకా, కూరగాయల బుట్టా?" అని దిగిపోయింది. ఆమెది ఐదడుగులు. ఆమె సీటు మళ్లీ పైకి లేపి, అడుగున నీళ్లు పెట్టాం. ఎవరి శరీరం వాళ్లది.

నీళ్లు

బరువు పెట్టాల్సిందే అనుకుంటే నా ఓటు నీళ్లకే. లీటరు అంటే కిలో, లెక్క సులువు. ఇంటి నుంచి ఖాళీ సంచులు తీసుకెళ్లి అక్కడ నింపుకోవచ్చు, తిరిగొచ్చేటప్పుడు పారబోయొచ్చు. పడవ నిండితే ప్రమాదం పెంచదు. దాహమేస్తే తాగొచ్చు కూడా, సంచి కొత్తదైతే.

అందరూ అడిగేది, ఇనుమైతే ఇంకా కిందికి ఉంటుంది కదా అని. ఉంటుంది, కానీ ఎంత? 40 సెంటీమీటర్ల వెడల్పు, 60 పొడవు ఉన్న పలచని సంచిలో 10 లీటర్లు పోస్తే దాని మందం 4 సెంటీమీటర్ల పైచిలుకు. ఇనుప పలక కంటే దాని మధ్యభాగం ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు పైన ఉంటుంది. మన మార్కుల్లో 10, 15 తేడా. దానికోసం ఇనుము మొయ్యనక్కర్లేదు. అయితే సంచి పలచగా ఉండాలి, అది మాత్రం మర్చిపోకూడదు. నిలువు క్యాన్‌లు, గుండ్రటి డబ్బాలు వద్దు.

ఇంకో షరతు: నిండా నింపాలి. సగం నిండిన సంచిలో నీళ్లు ఇటూ అటూ కదులుతూనే ఉంటాయి, నా క్యాన్ కథ అదే. 5 లీటర్లే కావాలంటే 5 లీటర్ల సంచి తీసుకోండి. పెద్ద సంచిలో కొంచెం పోస్తే, లోపలి గాలంతా పిండేసి మూత బిగించి, మిగిలిన భాగం చుట్టచుట్టి కట్టండి.

మడతపెట్టే నీళ్ల సంచులు ట్రెక్కింగ్ సామాన్ల దగ్గర దొరుకుతాయి. నేను మొదట వాడింది మాత్రం మా అమ్మ మోకాళ్లకి పెట్టుకునే రబ్బరు వేడినీళ్ల సంచి. ఒక్కోదానిలో రెండు లీటర్ల దాకా పడతాయి, చదునుగా ఉంటాయి, మూత గట్టిది. మందుల షాపులో ఏ వీధిలోనైనా దొరుకుతాయి. నాలుగు పక్కపక్కన పరిచి పైన ఫోమ్ ముక్క వేస్తే కాళ్ల కింద పరుపులా ఉంటుంది. అమ్మది తిరిగి ఇచ్చేశాను, కొత్తవి కొన్నాను. చెరువు వాసన వస్తోందని ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఎక్కడి నీళ్లు నింపాలి అన్నది ఆలోచించాల్సిందే. హుస్సేన్‌సాగర్ లాంటి చోట నింపిన సంచిని మళ్లీ ఇంట్లోకి తీసుకురాలేరు. పైగా ఒక చెరువు నీళ్లు సంచిలో ఇంకో చెరువుకి మోసుకెళ్తే గుర్రపుడెక్క ముక్కలు కూడా వెంట వెళ్తాయి, ఆ దరిద్రం ఇప్పటికే సరిపడా ఉంది. ఇంటి దగ్గరే పట్టి కారు డిక్కీలో వేసుకెళ్లడం నాకు అలవాటు.

ఇసుక

చవక, ఎక్కడైనా దొరుకుతుంది, ఏ ఆకారంలోనైనా ఒదుగుతుంది. పది కిలోల పొడి ఇసుక ఆరు లీటర్లకి కాస్త పైన చోటు పడుతుంది, నీళ్ల కంటే తక్కువే. పాత సైకిల్ ట్యూబు కోసి, ఇసుక నింపి, రెండు చివరలూ వైరుతో బిగిస్తే పొడవాటి సొరకాయలా తయారవుతుంది. పడవ అడుగు వంపులో చక్కగా కూర్చుంటుంది. వెన్నెముక వెంబడి నిలువుగా పెట్టాలంటే దీన్ని మించింది లేదు.

చిక్కల్లా తడి. బియ్యం సంచిలో పోసి పెడితే మొదటి రోజే నీళ్లు పీల్చుకుని రెండు కిలోలు పెరుగుతుంది, నలుసులు కారి సీటు పట్టాల్లో, కాళ్లు ఆనించే పెడళ్లలో ఇరుక్కుంటాయి. గాలి కయాక్‌లో అయితే ఇసుక రేణువులే గరుకు కాగితంలా అడుగుని అరగదీస్తాయి. ప్లాస్టిక్ పడవ ఉండి, ఏడాదంతా ఒకే బరువు పెట్టి ఉంచేవాళ్లకే ఇసుక.

ఇనుము, సీసం

లాక్‌డౌన్‌లో కొన్న డంబెల్ పళ్లేలు బాల్కనీలో తుప్పు పడుతున్నాయి కదా, అవి వాడేస్తే పోలా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఎర్రగడ్డ ఆదివారం సంతలో తూకానికి కూడా దొరుకుతాయి. పది కిలోల ఇనుము ఒకటిన్నర లీటరు చోటు కూడా పట్టదు, అదొక్కటే దాని గొప్ప. కాళ్లు చాపుకోవడానికి కూడా చోటు లేని ఇరుకు పడవల్లో అది అక్కరకొస్తుంది.

మిగతావన్నీ మైనస్‌లే. కట్టు ఊడితే సుత్తిలా తిరుగుతుంది. పలక అంచు గాలి కయాక్‌ని కోస్తుంది. పడవ తిరగబడితే ఆ పలక పైనుంచి మీ మీదికి వస్తుంది. మునిగితే పడవని లాగుతుంది. సీసం చేతులతో పట్టుకోవడం ఒంటికి మంచిది కాదు, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. డైవింగ్ వాళ్లు వాడే పూత వేసిన దిమ్మలు ఉన్నాయి, కానీ చెరువులో గంట తిరగడానికి అంత అవసరమా?

పక్క ఫ్లోట్లు

ఇవి పడవకి రెండు పక్కలా దూరంగా బిగించే తేలే గొట్టాలు. బ్యాలస్ట్ కాదు, కానీ చేపలకి గాలం వేసేవాళ్లూ, పొద్దున్నే కొంగల ఫోటోలకి వెళ్లేవాళ్లూ అడుగు బరువు గురించి అడిగితే నేను ఇటే పంపిస్తాను. స్థిరత్వం వెడల్పుని బట్టి మామూలుగా పెరగదు, వెడల్పు ఘనాన్ని (దాన్ని దానితోనే మూడుసార్లు వేసి గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది. నీటి దగ్గర వెడల్పు 60 నుంచి 70 సెంటీమీటర్లయితే పడవ ఆకారం ఇచ్చే ఆసరా దాదాపు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఫ్లోట్లు చేసేది అదే, పడవని మీటరు పైన వెడల్పు చేసేస్తాయి. రాణిగంజ్‌లో నాలుగు అంగుళాల పీవీసీ పైపు, నాలుగు మూతలు, జిగురు కొంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. మీటరు పొడవు పైపు పూర్తిగా మునిగితే పైపు బరువు పోగా సుమారు 8 కిలోలు పైకి ఎత్తుతుంది. అదీ మధ్య నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో. అడుగున పెట్టే ఏ సంచీ దానికి సాటి రాదు. పడవ నిటారుగా ఉన్నప్పుడు ఫ్లోటు నీటికి రెండు మూడు సెంటీమీటర్లు పైన ఉండేలా బిగించాలి, లేకపోతే ఊరికే ఈడుస్తుంది.

గుర్రపుడెక్క ఉన్న చెరువులో మాత్రం ఇవి దువ్వెనలే. తీగలన్నీ చుట్టుకుంటాయి. మన చుట్టుపక్కల చెరువుల్లో సగం ఈ లెక్కలోకే వస్తాయి కాబట్టి, వెళ్లే చోటు చూసుకుని కొనండి.

ఏమీ పెట్టకపోవడం

మొదటి నాలుగైదు సార్లు అందరికీ ఊగుతుంది. నడుము బిగబట్టి కూర్చుంటే పడవ ఊగిన ప్రతిసారీ తల కూడా ఊగుతుంది. తల కదలకుండా నడుము మాత్రమే పడవతో పాటు తిరగనివ్వాలి. కళ్లు పడవ ముక్కు మీద కాదు, అవతలి గట్టు మీద ఉండాలి. సైకిల్ నేర్చుకునేటప్పుడు హ్యాండిల్ వైపే చూసిన పిల్లలు ఎక్కడికి పోయేవారో మనకి తెలుసు.

కొన్ని పడవలు నిటారుగా ఉన్నప్పుడు వణుకుతాయి, కానీ కొంచెం ఒరిగాక గట్టిగా నిలబడతాయి. కొన్ని చదునుగా, కుర్చీలా ఉంటాయి, ఒక హద్దు దాటాక మాత్రం చెప్పాపెట్టకుండా బోల్తా కొడతాయి. మీది మొదటి రకమైతే ఆ వణుకు జబ్బు కాదు, దాని స్వభావం. హుస్సేన్‌సాగర్‌లో పోటీలకి దిగే ఒంటరి తెరచాప పడవలు చూడండి. లేజర్ లాంటి చిన్న పడవల్లో బ్యాలస్ట్ ఉండదు, గాలి పెరిగితే మనిషే అంచు మీదికి వెనక్కి వాలి కూర్చుని పడవని నిలబెడతాడు.

ఒక చోట పెట్టి చూస్తే

| | 10 కిలోలకి చోటు | మునిగాక లాగే బరువు | మోత | ఎవరికి కుదురుతుంది |
|---|---|---|---|---|
| సీటు 2 సెం.మీ. దించడం | లేదు | లేదు | లేదు | చేతులు పొడుగైన వాళ్లకి, ముందు ప్రయత్నంగా |
| నీళ్ల సంచులు | 10 లీటర్లు | లేదు | అక్కడ నింపితే సున్నా | తేలిక మనుషులకి, ఒంటరిగా రెండు సీట్ల పడవ నడిపేవాళ్లకి |
| ఇసుక ట్యూబు | 6 లీటర్ల పైన | 6 కిలోలు | పూర్తిగా | ప్లాస్టిక్ పడవలో బరువు తియ్యకుండా ఉంచేవాళ్లకి |
| ఇనుప పలకలు | 1.3 లీటర్లు | 8.7 కిలోలు | పూర్తిగా | గాలి అరలున్న ఇరుకు పడవలకి మాత్రమే |
| పక్క ఫ్లోట్లు | బయట ఉంటాయి | లేదు, తేలుతాయి | తేలికే, కానీ బారు | గాలం, కెమెరా వాళ్లకి |

గాలి కయాక్ వాళ్లకి వేరుగా చెప్పాలి

మన దగ్గర అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లు ఎక్కువగా కొనేది ఇవే. వీటి అడుగే గాలి పరుపు, చాలా మోడళ్లలో అది పది సెంటీమీటర్ల దాకా మందంగా ఉంటుంది. పడవ మునిగేది కూడా దాదాపు అంతే. అంటే మీరు లోపల పెట్టిన బరువు నీటి గీత మట్టానికో, పైనో కూర్చుంటుంది. పైన చెప్పిన లెక్క ప్రకారం మార్కులు సున్నా. ఊగుడు తగ్గించడానికి గాలి కయాక్‌లో బ్యాలస్ట్ పెట్టకండి.

ముందు గాలి చూడండి. ఎండలో నింపిన పడవని చల్లటి నీళ్లలో దింపితే లోపలి ఒత్తిడి తగ్గుతుంది, మధ్యలో కుంగి మెత్తబడుతుంది. పది నిమిషాలు నీళ్లలో ఉంచి మళ్లీ పంపు కొట్టాలి. తిరిగొచ్చి మధ్యాహ్నం ఎండలో గట్టు మీద పెట్టినప్పుడు కొంచెం గాలి వదలడం కూడా మర్చిపోవద్దు. ఊగుతోందని నాకు ఫోన్ చేసిన వాళ్లలో ఇద్దరికి పంపుతోనే సరిపోయింది.

వీటికి బరువు పనికొచ్చేది ఒకే సందర్భంలో: రెండు సీట్ల దాంట్లో ఒక్కరే వెళ్లినప్పుడు. అదైనా స్థిరత్వం కోసం కాదు, ముక్కు దించడం కోసం. సీటు మధ్యకి జరిపే వీలుంటే ముందు అది చెయ్యండి, బరువే అక్కర్లేదు. వీలు కాకపోతే ముందు కాళ్ల చోట రెండు పలచటి నీళ్ల సంచులు, పది కిలోల లోపు.

ముందా, వెనకా?

ఎడ్లబండి కట్టినవాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. ముందు బరువెక్కువైతే కాడి ఎద్దుల మెడ మీద కూర్చుంటుంది, వెనకెక్కువైతే బండి మోర ఎత్తుతుంది. కయాక్‌లో గాలి కూడా తోడవుతుంది. వెనక తేలికగా ఉంటే తోక జారి ముక్కు గాలి వచ్చే వైపు తిరుగుతుంది. వెనక బరువెక్కువైతే ముక్కు గాలికి కొట్టుకుపోతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలులు గట్టిగా వీచే రోజుల్లో ఇది బాగా తెలుస్తుంది. పడవ పదేపదే గాలికి ఎదురు తిరుగుతుంటే సంచిని సీటు వెనక్కి ఒక జానెడు జరపండి. గాలి వాలుకి పోతుంటే ముందుకి.

మొదట మాత్రం బరువులో ఎక్కువ భాగం సీటుకి దగ్గరగా, అడుగు మధ్య గీత మీద పెట్టండి. ముక్కులో ఐదు, తోకలో ఐదు కిలోలు పెడితే బ్యాలెన్స్ అయినట్టే కనిపిస్తుంది కానీ, పడవ తిప్పడం బరువైపోతుంది. సంచి కింద జారని రబ్బరు చాప, పైన వెల్క్రో పట్టీ వెయ్యండి. మామూలు తాడుతో కడితే తడిసి వదులవుతుంది. ఏ పట్టీ కూడా మీ కాళ్లు దూరేంత ఉచ్చులా ఉండకూడదు. తిరగబడినప్పుడు బయటికి రావడానికి అడ్డం పడేది ఏదీ కాళ్ల దగ్గర ఉండకూడదు.

మీరు ఎవరైతే

55 కిలోల లోపు ఉండి, పొడవాటి పడవ ఉంటే: నీళ్లు, 5 కిలోలతో మొదలుపెట్టి 15 దాకా. బరువు వల్ల నిజంగా సుఖపడేది మీరే.

90 దాటినవాళ్లకి బరువుతో పని లేదు. పడవ ఇప్పటికే గరిష్ఠానికి దగ్గరలో ఉంటుంది, ఇంకో పది కిలోలు పెడితే అల లోపలికి వస్తుంది. పైన కూర్చునే రకమైతే అడుగు రంధ్రాల్లోంచి నీళ్లు లేచి సీటు తడిసిపోతుంది. సీటు దించండి, చాలకపోతే వెడల్పు పడవకి మారండి. పాతది అమ్మితే వచ్చే నష్టం బాధే, కానీ ప్రతి ఆదివారం టెన్షన్ పడటం కంటే నయం.

పిల్లల్ని ముందు కూర్చోబెడితే వాళ్లే బ్యాలస్ట్ కదా అని ఒక స్నేహితుడు అన్నాడు. కొంగ కనిపించగానే లేచి నిలబడే బ్యాలస్ట్ అది. పిల్లలతో వెళ్లేటప్పుడు మీ బరువు కిందికి దించుకోండి, వాళ్లని మీకు దగ్గరగా కూర్చోబెట్టండి, ఇద్దరికీ జాకెట్ ఉండాలి.

అద్దె పడవలో ఏమీ పెట్టకండి. ఊగుతుంటే అక్కడి కుర్రాళ్లని వెడల్పుది ఇమ్మని అడగండి, సాధారణంగా ఇస్తారు. సొంత పడవ తీసుకెళ్లేవాళ్లు మాత్రం ఎక్కడ దింపొచ్చో ముందే కనుక్కోండి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నగరానికి తాగునీళ్లిచ్చే జలాశయాలు, కారు పైన కయాక్ కట్టుకుని నేరుగా వెళ్లిపోయే చోట్లు కావు.

దింపే ముందు ఒక పది నిమిషాలు

బరువు కట్టాక మోకాలి లోతులో పడవని ఖాళీగా పక్కకి గట్టిగా ఊపండి. చప్పుడు వినిపిస్తే ఏదో కదులుతోంది. తర్వాత జాకెట్ వేసుకుని నడుము లోతులో, పక్కన ఒక మనిషిని నిలబెట్టుకుని, కావాలనే తిరగబడండి. సంచి పెట్టిన చోటే ఉందా, పడవ తేలుతోందా, మళ్లీ ఎక్కగలిగారా చూడండి. మేము ఇది చేసినప్పుడు నాలుగు రబ్బరు సంచుల్లో ఒకటి పట్టీలోంచి జారి తేలుతూ పోయింది. దాన్ని పట్టుకోవడానికి మా ఆవిడ తెడ్డు చాపింది. పడవ మాత్రం ఒరగలేదు, ఎందుకంటే అప్పటికి అందులో ఎవరూ లేరు.

బయటికి వచ్చేటప్పుడు పడవని గట్టు మీదికి లాగకముందే మూతలు విప్పి నీళ్లు వదిలేయండి. నేను రెండుసార్లు మర్చిపోయి, నిండు సంచులతోనే పడవని రాళ్ల మీదుగా ఈడ్చాను. అడుగున ఆ గీతలు ఇంకా ఉన్నాయి.